గోలెంల పొగచేపలు – మేము నేర్చుకున్న వేడి లెక్క

మా సంఘం మహదేవపూర్‌ది.

మాది గోదారి ఒడ్డు. బొచ్చె, రవ్వ, వాలుగ బాగా పడ్డ రోజు ధర ఉండదు, ధర ఉన్న రోజు చేప ఉండదు. మిగిలినయి ఎండబెడదామంటే వానకాలం పురుగు పడుతది. అందుకని సంఘంల అప్పు తీసుకొని పొగచేపలు చేద్దామనుకున్నాం.

పొయ్యి కొనలేదు. కుమ్మరాయనతోని మందపాటి గోలెం చేయించినం. గాలికి అడుగున పక్కకు ఒక బెజ్జం, మూత నడుమ ఇంకొకటి. కింద బొగ్గులు, వాటి మీద మంట నేరుగా తగలకుండా మట్టి పళ్లెం, ఆపైన జాలి. బయటి దేశాలల్ల మాంసం పొగబెట్టే పింగాణీ పొయ్యిలు ఉంటయి. జపాన్ల అన్నం వండే కమాడో పొయ్యి నుంచి వచ్చినయి. వాటి పని కూడా ఇంతే, మందం గోడ, రెండు గాలి దారులు.

మొదటిరోజు పది కిలోల చేపలు పెట్టినం. వేడి చాలుతలేదని బెజ్జాలు రెండూ బార్లా తెరిచినం. వేడి ఎక్కుడు ఎక్కుడే. తర్వాత మూసినా దిగలేదు. ఇనుప పొయ్యి అయితే నిప్పు తగ్గిస్తే చల్లబడుతది, మట్టి మాత్రం తాగిన వేడిని తొందరగ వదలదు. చేపలు పైన బొగ్గు, ముల్లు కాడ పచ్చి. మొత్తం పారబోసినం. ఇద్దరు సభ్యులు మానేద్దామన్నరు. వాళ్లది తప్పనలేం, కూలి పోగొట్టుకొని వచ్చినోళ్లు.

ఇప్పుడు గోలెం లోపల 110 డిగ్రీలు కావాలంటే, 90కి రాంగనే కింది బెజ్జం సగం మూస్తున్నం. మిగతా 20 అదే ఎక్కుతది. సందు కొంచెం మార్చినా పావుగంట ఆగాలె. మాటిమాటికి మూత తీసి చూసేటోళ్లను దూరం కూసోబెట్టినం.

మూత మీది మీటర్ చెప్పేది గాలి వేడి, చేప వేడి కాదు. సూది మీటర్‌ను చేప మందం ఉన్న కాడ గుచ్చాలె. అక్కడ 63 డిగ్రీలు వచ్చి, అరగంట తగ్గకుండ ఉండాలె. పొగకు చింత చెక్క ముక్కలు పిడికెడు చాలు. తెల్లగ చిక్కటి పొగ వస్తే చేప చేదెక్కుతది, సన్నగ నీలంగ వచ్చేదాకా ఆగినంకనే చేప పెట్టాలె.

ఇంకోటి జాగ్రత్త. గాలి మూసిన గోలెం మూత ఒక్కసారే ఎత్తొద్దు. గాలి తగలంగనే మంట లేస్తది. ముందు వేలెడు సందు ఇచ్చి ఆగాలె. మా కోశాధికారి కనుబొమ్మలు అట్లనే పోయినయి. ఇప్పుడు మొలిచినయి, మీరే చూడొచ్చు.

ఇవి ఎండుచేపలు కావు, లోపల తడి ఉంటది. కవర్ల కట్టి బయట పెడితే విషమైతయి. ఐసులనే ఉంచాలె. మాకు ఐసు పెట్టె లేదు, అందుకే అడిగినోళ్లకే చేసి అదేరోజు ఇస్తున్నం. అప్పు సగం తీరింది. పెట్టె కోసం దరఖాస్తు రాసి తెచ్చినం, సభ కాంగనే మీ చేతికిస్తం.