పరిమాణం అనే చిన్న మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జ్ఞాపకాలు చెప్పమన్నారు. అవి మిత్రులు నాకంటే బాగా చెబుతారు. నేను మన లెక్కల పుస్తకంలోని ఒక చిన్న మాట గురించి చెబుతాను. ఆ మాట 'పరిమాణం'. ఒకే చలరాశి ఉన్న బహుపదిలో అన్నిటికన్నా పెద్ద ఘాతమే దాని పరిమాణం. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. సివిల్ ఇంజనీరునయ్యాక మాత్రం అది నాకు రోజూ పనికొచ్చే మాట.

ఇన్ని ఘాతాలుండగా పెద్దదాన్నే ఎందుకు చూడాలి? ఎక్స్ వర్గానికి నూరు ఎక్స్ కలిపామనుకోండి. ఎక్స్ విలువ 10 అయితే మొదటి పదం 100, రెండోది 1,000. ఎక్స్ 100 అయితే రెండూ సమానం. ఎక్స్ 1,000 అయితే మొదటిది 10 లక్షలు, రెండోది ఒక లక్షే. గుణకం ఎంత పెద్దదైనా, ఎక్స్ పెరిగేకొద్దీ చివరికి పెత్తనం పెద్ద ఘాతానిదే.

ఇది మన ఇళ్లలోకీ వస్తుంది. ఇల్లు కట్టుకునేవారు తరచూ అంటారు: "హాలు మధ్యలో పిల్లరు అడ్డంగా ఉందండీ, తీసేద్దాం. పొడవు రెట్టింపేగా, దూలంలో ఇనుమూ రెట్టింపు వేస్తే సరి." సరిపోదు. రెండు చివరలా ఊరికే ఆనించిన దూలం మీద, అడుగుకు ఇంత అని బరువు సమానంగా పడుతోందనుకుందాం. దాన్ని వంచే బలం, అంటే మేం బెండింగ్ మూమెంట్ అనేది, పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దూలం మధ్యలో కిందికి వంగడం పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 10 అడుగుల దూలం 20 అడుగులైతే మొదటిది 4 రెట్లు, రెండోది 16 రెట్లు. 10 అడుగుల దూలాలతో వచ్చిన అనుభవం 20 అడుగుల దగ్గర పనిచేయదు. ఆ దూలం కిందే పిల్లలు పడుకుంటారు.

మందు కూడా ఘాతంలోనే ఉంది. దూలం వంగకుండా నిలిచే గుణం వెడల్పుకు ఒకటో ఘాతంగా, లోతుకు మూడో ఘాతంగా ఉంటుంది. వెడల్పు రెట్టింపైతే 2 రెట్లే లాభం, లోతు రెట్టింపైతే 8 రెట్లు. 2 అంగుళాలు, 4 అంగుళాల కొలతలున్న చెక్కను వడ్రంగి పడుకోబెట్టకుండా నిలబెట్టేది ఇందుకే. అదే చెక్క అప్పుడు 4 రెట్లు గట్టిగా ఉంటుంది. చలరాశులు రెండున్నప్పుడు ఘాతాలు కూడి పరిమాణం చెప్పాలని మనకు నేర్పారు కదా! ఇక్కడ 1, 3 కలిపి 4. అంటే వెడల్పు, లోతు రెండూ రెట్టింపు చేస్తే 16 రెట్లు. పొడవు రెట్టింపై వచ్చిన 16కు ఇది సరిగ్గా సరి, దూలం సొంత బరువు పెరగడాన్ని పక్కన పెడితే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. పిల్లలు పరిమాణం 2 అనో 3 అనో రాశాక, ఇంకొక్క ప్రశ్న అడగండి: "ఎక్స్ రెట్టింపైతే ఆ పదం ఎన్ని రెట్లవుతుంది?" జవాబు వాళ్లే లెక్కగట్టుకుంటారు. వాళ్లందరూ ఇంజనీర్లు కానక్కర్లేదు. కానీ రేపు ఎవరో ఒకరు సొంత ఇల్లు కట్టుకుంటూ, పిల్లరు తీసేసే ముందు ఆగి ఆలోచిస్తారు.