ఏ.డి.సి. చిప్ ఎంపిక: తల్లిదండ్రులకు మనవి



విజ్ఞాన ప్రదర్శనము సమీపించగానే మనలో పలువురము బిడ్డల వెంట కాటన్‌పేటకు చేరువనున్న ఎస్.పి. రోడ్డుకు బయలుదేరుదుము; ఎక్కువ బిట్లున్న చిప్పే మేలైనదని తలచి సొమ్ము వెచ్చింతుము. ఈ తలంపును కొంత విచారింతము.

వేడి, వెలుతురు, ధ్వని ఎడతెగని ధారవలె మారుచుండును. కంప్యూటరు అంకెలనే ఎరుగును. ఆ ధారను విద్యుత్తు రూపమున గ్రహించి అంకెలుగా మార్చునదే ఏ.డి.సి. చిప్.

బిడ్డ జ్వరమును కొలుచు పరికరము చేయదలచెననుకొందము. ఎల్.ఎం.35 అను సెన్సరు సెంటీగ్రేడు డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇచ్చును. 8 బిట్ల చిప్ 5 వోల్టులను 256 మెట్లుగా విభజించును. మెట్టుకు సుమారు 20 మిల్లీవోల్టులు, అనగా రెండు డిగ్రీలు. 37 డిగ్రీల ఆరోగ్యమునకును 38 డిగ్రీల జ్వరమునకును గల భేదము దానికి తెలియకపోవచ్చును. 12 బిట్ల చిప్‌లో 4096 మెట్లు; డిగ్రీలో ఎనిమిదవ వంతు వరకు తెలియును. 16 బిట్లకు పోయినను అధిక లాభము లేదు. సెన్సరే అర డిగ్రీ తప్పు చూపవచ్చును.

వేగమును కూడ చూడవలయును. ఏ.డి.ఎస్.1115 అను 16 బిట్ల చిప్ సెకనుకు 860 మారులు మాత్రమే కొలువగలదు. టెలిఫోనులో మాటను సెకనుకు 8000 మారులు కొలుతురు. అచ్చట 8 బిట్లే చాలుచున్నవి.

కంసాలి త్రాసున కట్టెలు తూచము. కట్టెల త్రాసున బంగారము తూచము. కావున మేము మనవి చేయునది ఒక్కటే. అంగడికి పోవుటకు ముందు బిడ్డను అడుగుడు: ఏమి కొలుతువు? ఎంత సూక్ష్మముగా? ఎంత వేగముగా? వీనికి బిడ్డ మన తెలుగున, తన మాటలలో బదులు చెప్పగలిగిననాడు మీ సొమ్మును వాని శ్రమయును వ్యర్థము కావు.