చుక్కలను పట్టు కెమెరా

ఆకాశమును ఛాయాచిత్రములుగా తీయు వేడుక ఇటీవల మన యిండ్లలో హెచ్చుచున్నది. పదేండ్ల క్రిందట పెండ్లికో, బిడ్డ పుట్టినప్పుడో కొన్న డిజిటల్ కెమెరా బీరువాలో నుండును. ఒక శీతకాలపు రాత్రి దానిని డాబాపైకి తీసికొనిపోయి, ట్రైపాడుపై నిలిపి, పిల్లలకోడి వైపు త్రిప్పి మీట నొక్కుదురు. కంటికి ఆరేడు చుక్కలు కనబడు చోట కెమెరా పదుల కొలది చుక్కలను చూపును. ఆ రాత్రితో వ్యసనము పట్టుకొనును. రెండు నెలలు గడచునప్పటికి ప్రశ్న పుట్టును: ఈ కెమెరా చాలదు, దీనికంటె మేలైనది ఏది కొనవలెను? ఈ ప్రశ్న మమ్ములను అడిగినవారు పలువురు గలరు. వారందరకు మేము చెప్పినదే ఈ ప్రసంగమున కొంత విపులముగా చెప్పదలచితిమి.

మొదట ఒక సంగతి. చుక్కల చిత్రణము వెలుగును కూడబెట్టు పని. పగటి చిత్రమునకు క్షణములో వందవ వంతు చాలును; నీహారికలకు నిమిషములు, గంటలు కావలయును. 1880వ సంవత్సరమున అమెరికాలో హెన్రీ డ్రేపర్ అను వైద్యుడు ఓరియన్ నీహారికను మొదటిసారి ఛాయాచిత్రముగా తీసెను. అందుకాయన సుమారు 50 నిముషములు గాజుపలకకు వెలుగు చూపవలసి వచ్చినది. నేటి సెన్సరు అదే పనిని కొన్ని క్షణములలో చేయును. ఇంత మార్పు జరిగిన తరువాత కూడ మన చిత్రములు వెలవెలబోవుచున్నచో, లోపము ఎక్కడ నున్నదో విచారింపవలెను. అది కెమెరాలోనే యున్నదని ముందుగా నిశ్చయించుకొనుట డబ్బు పారవేయుట యగును.

దూరపు నీహారిక నుండి వచ్చు వెలుగుతోపాటు, ఆకాశమునుండి చెదరివచ్చు వీధిదీపముల వెలుగు కూడ సెన్సరుపై పడును. ఈ రెండవది అధికమైనచో మొదటిది అందులో మునిగిపోవును. ఆకాశపు చీకటిని శాస్త్రజ్ఞులు ఒక సంఖ్యతో కొలుతురు. పెద్ద నగరము నడుమ ఆ సంఖ్య 18 ప్రాంతమున నుండును. దీపములు తక్కువగా గల పల్లెలో 21 వరకు చేరును. మూడంకెల తేడా స్వల్పముగా తోచును గాని, ఆ కొలతబద్ద తీరు ననుసరించి అది సుమారు 16 రెట్ల తేడా. అనగా మందమైన గెలాక్సీ నొకదానిని పల్లెలో ఒక గంటసేపు తీసినచో వచ్చు ఫలితమునకు, నగరపు డాబాపై 16 గంటలు తీయవలసి యుండును. ఇక కెమెరా సంగతి చూతము. పాత కెమెరా తనపై బడిన వెలుగులో దాదాపు సగమును పట్టుకొనుచుండగా, నేటి ఉత్తమమైన సెన్సరు నూటికి 80 పాళ్ళ వరకు పట్టుకొనగలదు. ఎంత ఉదారముగా లెక్క కట్టినను ఇది రెండు రెట్లకు మించదు. లక్ష రూపాయలు పోసిన రెండు రెట్లు, బస్సు టిక్కెట్టు కొన్న 16 రెట్లు!

ఈ లెక్కను మనవారు ఏనాడో గ్రహించిరి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశములు కలిసి తలపెట్టిన నక్షత్ర పట చిత్రణములో పాల్గొన్నది. దక్షిణ ఖగోళమున 17 భాగముల నుండి 23 భాగముల వరకు గల పట్టీ దాని వంతునకు వచ్చినది. 8 అంగుళముల కుక్ దూరదర్శినితో ఆ పనిని నెరవేర్చిరి. కాని నగరము పెరిగినది, దీపములు పెరిగినవి. 1960ల నాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు తమ 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు దూరముగా రంగాపురమున నిలుపవలసి వచ్చినది. హైదరాబాదులో పెరిగిన వైణు బప్పు గారు కావలూరును ఎన్నుకొనుటకు కూడ చీకటి యొక ముఖ్య కారణము. పెద్ద దూరదర్శినులు గలవారే చీకటిని వెదకుకొని పోయినప్పుడు మనము డాబా దిగుటకు సంకోచింపనేల?

మా మిత్రులొకరు కృష్ణాతీరమున ఒక పట్టణములో ఉపాధ్యాయులు. పాత కెమెరాకు బదులుగా, లోపల చల్లబరచు యంత్రము గల ఖగోళ కెమెరాను కొనుటకు వారు రెండేండ్లు డబ్బు దాచిరి. ఆ డబ్బుతోనే వంటయింటి పైకప్పు బాగుచేయింపవలసి యున్నది కూడ. వారి యిల్లాలు కాదనలేదు; ఒక్క మాట మాత్రము అడిగినది: "ఉన్న కెమెరాతో చేయవలసినదంతా చేశారా?" ఆయన తెల్లబోయిరి. ఆ కెమెరా పట్టణపు పొలిమేర దాటి ఎన్నడును పోలేదు. ఆ మాఘ అమావాస్యకు వారు నల్లమల అంచున నున్న బంధువుల గ్రామమునకు పోయిరి. కెమెరా పాతదే, 50 మిల్లీమీటర్ల లెన్సు పాతదే. ట్రైపాడుపై ఒక్కొక్కటి 5 సెకండ్ల చొప్పున 300 చిత్రములు తీసిరి; మొత్తము 25 నిముషముల వెలుగు. వానిని కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చి, సగటు కట్టిరి. ఓరియన్ నీహారిక గులాబి రెక్కలతో విచ్చుకొని కనబడినది. పైకప్పు ఆ వేసవిలోనే బాగుపడినది.

5 సెకండ్లే ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. భూమి తిరుగుటచే నక్షత్రములు కదలినట్లు కనబడును. ఎక్కువసేపు తెరచియుంచినచో చుక్క గీతగా మారును. 500ను లెన్సు మిల్లీమీటర్లచే భాగించినచో, పెద్ద సెన్సరు గల కెమెరాకు ఎన్ని సెకండ్లు చెల్లునో స్థూలముగా తెలియును. సాధారణపు చిన్న సెన్సరునకు ఆ ఫలమును మరల ఒకటిన్నరచే భాగింపవలెను. 50 మిల్లీమీటర్ల లెన్సునకు ఇది ఆరు, ఏడు సెకండ్లు. జాగ్రత్త కొఱకు అయిదు.

ఈ హద్దును దాటించునది కెమెరా కాదు, ట్రాకరు. ఇది భూభ్రమణమునకు ఎదురుగా కెమెరాను మెల్లగా త్రిప్పు చిన్న యంత్రము. చల్లబరచు కెమెరా ధరలో కొంత భాగమునకే దొరకును. దీనితో అయిదు సెకండ్లు రెండు నిముషములగును. దీని యిరుసును ధ్రువ నక్షత్రము వైపు గురిపెట్టవలెను. మన ప్రాంతమున ఇది కొంత చిక్కు. ధ్రువుడు మనకు క్షితిజముపై అక్షాంశమెంతో అంత యెత్తుననే నిలుచును. హైదరాబాదున 17 భాగములు, తిరుపతిలో 14 భాగములకు లోపే. ఆ యెత్తున తాటిచెట్టో, పొరుగువారి నీళ్ళ ట్యాంకో, దుమ్ము పొరయో అడ్డు నిలుచును. కావున ఉత్తరము బయలుగా నున్న చోటును పగలే చూచి పెట్టుకొనవలెను. మా యభిప్రాయములో మొదటి కొనుబడి ట్రాకరే కావలెను.

చీకటి దొరికినది, ట్రాకరు కుదిరినది. ఇప్పుడు పాత కెమెరా నిజముగా తన లోపములను చూపును. ముఖ్యమైనవి రెండు.

మొదటిది ఎరుపు. ఆకాశమున నీహారికలు అనేకము హైడ్రోజను వాయువుచే 656.3 నానోమీటర్ల ముదురెరుపు కాంతితో వెలుగును. సాధారణ కెమెరాలో సెన్సరు ముందు ఒక వడపోత గాజు నుండును. మనుష్యుల మొగముల రంగు సహజముగా వచ్చుటకు అది ముదురెరుపును చాలవరకు ఆపివేయును. ఈ హైడ్రోజను కాంతిలో సుమారు నాల్గవ వంతో, అంతకు తక్కువయో లోనికి పోవును. ఓరియన్ నీహారిక ప్రకాశవంతమైనది గనుక తట్టుకొనును. రోజెట్టు నీహారిక వంటివి వెలవెలబోవును. ఈ కారణమున కెనాన్ వారు 20డిఎ (2005), 60డిఎ (2012), ఇఒఎస్ ఆర్‌ఎ (2019) అను కెమెరాలను, నైకాన్ వారు డి810ఎ (2015) అను దానిని వేరు వడపోతతో చేసిరి. వాని తయారీ నిలిచిపోయినది. పాతవి అక్కడక్కడ దొరకును. పాత కెమెరాలోని వడపోత గాజును తీయించి వేరొకటి వేయించుట మరియొక మార్గము. కొత్త కెమెరా కొనుటకంటె ఇది చౌక. కాని తరువాత ఆ కెమెరాతో ఇంటిలోని పెండ్లి తీసినచో పెండ్లికూతురు కుంకుమలో ముంచినట్లుండును. పగటి పనికి వేరు ఏర్పాటు కావలయును.

రెండవది వేడి. మన దేశమున దీనిని గూర్చి గట్టిగా చెప్పవలసి యున్నది. ఏలనగా ఈ విషయమై మనము చదువు సలహాలలో పెక్కు చలిదేశములవారు వ్రాసినవి. వెలుగు పడకున్నను సెన్సరులో వేడిచేత విద్యుత్కణములు పుట్టుచుండును. సుమారు ప్రతి 6 డిగ్రీలకు అవి రెట్టింపగును. పుష్యమాసపు రాత్రి 24 డిగ్రీల నుండు సెన్సరు, చైత్రమున 36 డిగ్రీలకు చేరినచో ఈ రొద నాలుగు రెట్లగును. చిత్రమంతట ఎఱ్ఱని, నీలపు చుక్కలు చల్లినట్లు కనబడునది ఇదియే. లెన్సు మూత మూసి, అదే వేడిమిలో, అంతే కాలము మరికొన్ని చిత్రములు తీసి వానిని తీసివేసినచో చాలవరకు శుభ్రపడును. అయినను రాత్రి గడచినకొలది వేడిమి మారుచుండును గనుక లెక్క పూర్తిగా కుదరదు. చల్లబరచు కెమెరా ఇక్కడనే తన ధరకు న్యాయము చేయును. ఐఎంఎక్స్ 571 అను సోనీ సెన్సరు గల కెమెరాలు గాలి వేడిమికంటె సుమారు 35 డిగ్రీలు దిగువకు చల్లబడగలవు. 30 డిగ్రీల రాత్రి అవి సున్నకు దిగువ 5 వద్ద స్థిరముగా నిలుచును. 35 డిగ్రీల సెన్సరుతో పోల్చిన ఈ రొద సుమారు నూరవ వంతునకు తగ్గును. చలిదేశపు మిత్రునకు విలాసమైన ఈ సౌకర్యము మనకు ఆవశ్యకమునకు దగ్గర.

అయితే ఈ కెమెరాకు తెర లేదు, చూచు కన్ను లేదు. కంప్యూటరు వెంట నుండవలెను. 12 వోల్టుల బ్యాటరీ కావలెను. చల్లబరచుట గట్టిగా జరుగునప్పుడు మూడు ఆంపియర్ల మేర లాగును. ఆరు గంటల రాత్రికి ఎంత బ్యాటరీ కావలెనో లెక్కించుకొని, ఆ ఖర్చును కూడ కెమెరా ధరలో కలుపవలెను. అంగడిలో ఈ మాట ఎవరును ముందుగా చెప్పరు.

ఏ సెన్సరు ఏ లెన్సునకు తగునో చెప్పు లెక్క సులభమైనది. పిక్సెలు పరిమాణమును మైక్రానులలో తీసికొని, 206చే గుణించి, లెన్సు నాభ్యంతరపు మిల్లీమీటర్లచే భాగింపవలెను. ఒక పిక్సెలు ఆకాశమున ఎన్ని వికలలను చూచునో వచ్చును. వికల యనగా డిగ్రీలో 3600వ వంతు. 3.76 మైక్రానుల పిక్సెలు 250 మిల్లీమీటర్ల లెన్సుతో సుమారు 3 వికలలు చూచును. అదియే 1000 మిల్లీమీటర్ల దూరదర్శినితో ముప్పాతిక వికల చూచును. గాలి కదలికచే నక్షత్రబింబము మామూలుగా రెండు, మూడు వికలలు అలుకుకొని యుండును గనుక ముప్పాతిక వికలకు దిగుట వలన చాల రాత్రులు లాభము లేదు. పైగా 250 మిల్లీమీటర్లతో సుమారు అయిదున్నర డిగ్రీల వెడల్పు లభించును. మూడు డిగ్రీల ఆండ్రోమెడా గెలాక్సీ అందులో సుఖముగా ఇమిడును. మెగాపిక్సెళ్ళ సంఖ్యను చూచి మురియువారు ఈ గుణకారము నొకసారి చేయవలెను. ఐఎస్‌ఓ సంఖ్యను గూర్చియు అంతే. దానిని పెంచినంత మాత్రమున సెన్సరుపై ఒక్క వెలుగు కణము కూడ అదనముగా పడదు.

గురు, శని గ్రహములు వేరు జాతి. వానికి పొడవైన దూరదర్శిని, సెకండునకు పదుల చిత్రములు తీయు చిన్న కెమెరా చాలును. చల్లదనము అక్కరలేదు, నగరమైనను బాధ లేదు. పొలముపై పాలపుంతను తీయగోరువారికి పెద్ద సెన్సరు గల మామూలు మిర్రర్‌లెస్ కెమెరాయే మేలు. పెద్ద సెన్సరు మూలలలో చుక్కలు సాగకుండ నిలుపు లెన్సు మాత్రము ఖరీదైనది.

నగరము కదలలేని వృద్ధులు, రోగులు, సెలవు దొరకనివారు గలరు. వారికి రెండు సన్నని పట్టీలను మాత్రమే పోనిచ్చు వడపోత గాజులు వచ్చినవి, ఒకటి 656.3 వద్ద హైడ్రోజనునకు, ఒకటి 500.7 వద్ద ఆక్సిజనునకు. రంగుల ఖగోళ కెమెరా ముందు దీనిని పెట్టినచో నగరపు డాబాపైనుండియు వాయు నీహారికలు వచ్చును. గెలాక్సీలకు ఇది పనిచేయదు. వాని వెలుగు అన్ని రంగులలో పరచుకొని యుండును.

పాత కెమెరాను కొనువారు అంగడిలోనే ఒక పరీక్ష చేయవలెను. లెన్సు మూత మూసి, ఐఎస్‌ఓ 1600 వద్ద, అయిదు నిముషములు తెరచియుంచుడు. ఆ చిత్రమును తెరపై పెద్దది చేసి చూడుడు. కొన్ని చుక్కలు ఏ కెమెరాకైనను ఉండును. ఒక మూల ఊదారంగు కాంతి పొగవలె వ్యాపించియున్నను, నిలువు అడ్డ చారలు కనబడినను ఆ కెమెరాను అమ్మకపువానికి తిరిగి యిచ్చివేయుడు. వడపోత మార్చినదని చెప్పినచో దూరపు కొండపై గాని, రాత్రియైన నక్షత్రముపై గాని లెన్సు స్పష్టముగా నిలుచునో లేదో కూడ చూచుకొనుడు. గాజు మందము తేడాపడినచో కొన్ని లెన్సులు అనంతదూరమునకు చేరవు. కొని యింటికి తెచ్చిన తరువాత ఆషాఢము నుండి ఆశ్వయుజము వరకు మబ్బులే గనుక, ఆ నాలుగు నెలలు సిలికా జెల్ పొట్లములతో మూతబిగిగల డబ్బాలో ఉంచుడు. లేనియెడల కార్తికమునకు లెన్సులో బూజు పెరిగియుండును.