గాయం వేరు, సంచి దారి వేరు



నేను ఉర్దూ మీడియం టీచరును, డాక్టరును కాను. అయినా హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో ఆపరేషనై ఇంటికొచ్చిన ముసలివాళ్లకు సేవ చేసేది మనమే గనుక ఒక్క సంగతి మనవి చేస్తాను.

పెనుకొండలోని మా మామూకు బెంగళూరులో పేగు ఆపరేషన్ చేసి, మలం పోవడానికి పొట్ట మీద దారి పెట్టి, సంచి తగిలించి పంపారు. కట్టు మార్చడానికొచ్చిన నర్సమ్మ "గాయాలెన్ని?" అనడిగితే "రెండు" అన్నాము. ఆమె చూసి, "కుట్లు వేసిన కోత ఒకటే ఆపరేషన్ గాయం. సంచి ఉన్నచోటు గాయం కాదు, స్టోమా. మరి నడుము కింద పడకపుండు సంగతి చెప్పలేదేం?" అంది. మాకు తల కొట్టేసినట్టయింది. పుండు కానిదానికి రోజూ మందు రాశాము, పుండును చూడనే లేదు.

అమెరికా నర్సింగ్ హోముల్లో 2010 నుంచి ఎం.డి.ఎస్. 3.0 అనే ఫారం నింపుతున్నారు. అందులో ఆపరేషన్ గాయం చర్మం భాగంలో రాస్తారు, మలమూత్రాల స్టోమా మలమూత్రాల భాగంలో రాస్తారు. పడకపుండుకు వేరే గడి. పుండులోని చచ్చిన కండ కోసి తీసినా అది పడకపుండే. పక్క కండతో కప్పి కుడితే మాత్రం ఆపరేషన్ గాయం. మానిన కోతను గాయంగా రాయరు.

ఎందుకీ విడదీత? ఒక్కోదానికి సేవ వేరు. కోత ఎర్రబడి వేడెక్కినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా డాక్టరుకు చూపాలి. పడకపుండుకు రోగిని తరచు పక్కకు తిప్పుతుండాలి. స్టోమా ఎర్రగా, తడిగా ఉంటే ఆరోగ్యమే. గోరువెచ్చని నీళ్లతో కడిగి చుట్టూ చర్మం ఆరబెడితే చాలు. నూనె, ఆయింట్‌మెంట్ రాస్తే సంచి అంటుకోదు. నీలంగానో నల్లగానో మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంకో మాట. "మానని గాయముంది, నేను పాక్ కాను" అని మామూ మసీదుకు పోవడం మానేశారు. మా ఇమాం సాహెబ్, "మీరు మాజూర్. ప్రతి నమాజు వేళకు వుజూ చేసి చదవండి" అన్నారు. ఇప్పుడు కుర్చీ మీద కూర్చుని జమాతులో చేరుతున్నారు.

కనుక యువకులారా, మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: కోత, పడకపుండు, స్టోమా. రోజూ చూసి రాయండి. డాక్టరు అడిగితే అదే చూపించండి.