ఊరు విడిచిన శిలలు

ఇంటిలో పెద్దవారికి డెబ్బదియైదేండ్లు నిండినప్పుడు దూరపు చుట్టములకు సహా కబురు పోవును. వచ్చినవారికి పీటలు వేయుట, రానివారిని తలచుకొనుట, ఎవరి పిల్లలు ఎవరో చెప్పుకొనుట, ఆ దినమంతయు ఇదే పని. పెద్దవారి వయస్సును లెక్కించుట ఒక్క నిముషములో ముగియును. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అను లెక్క మాత్రము దీపములు పెట్టువేళ వరకు సాగును. ఒక ప్రదర్శనశాలకు అన్ని యేండ్లు నిండునప్పుడు కూడ ఈ రెండవ లెక్కయే ముఖ్యమని మేము తలచుచున్నాము.

తుంగభద్ర యెడమగట్టున అలంపురములో ఒక పురావస్తు ప్రదర్శనశాల కలదు. జనులు దానిని మ్యూజియమనియే పిలుతురు. అది 1952లో ఏర్పడినది. నాడు అలంపురము హైదరాబాదు రాష్ట్రమున రాయచూరు జిల్లాలోని తాలూకా. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు గద్వాల, అలంపురము తాలూకాలు రెండును మహబూబునగరు జిల్లాలో చేరినవి. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడగా అలంపురము అందులోనికి వచ్చినది. ఇట్లు జిల్లాలు మారినవి, రాష్ట్రములు మారినవి. ప్రదర్శనశాల మాత్రము ఆ ఊరిని విడువలేదు. 2027తో దానికి 75 సంవత్సరములు నిండును.

అచట ప్రదర్శనశాల ఎందుకు వచ్చినదో అలంపురమున అడుగు పెట్టినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బాదామి చాళుక్యుల కాలమున, అనగా క్రీస్తుశకము ఏడు ఎనిమిది శతాబ్దములలో కట్టిన తొమ్మిది ఆలయములు అచట నిలిచియున్నవి. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని వానికి పేర్లు. పేరు బ్రహ్మదే యైనను అన్నియు శివాలయములే. వానిలో పెక్కింటి శిఖరములు ఉత్తరదేశపు కోవెలలవలె వంపు దిరిగి పైకి లేచును. ఇట్టిచోట ఎన్ని తరములుగానో నేలపై దొర్లుచుండిన విగ్రహములను, శాసనశిలలను ఒక నీడకు చేర్చుటకే ప్రదర్శనశాల పుట్టినది. అలంపురపు లజ్జాగౌరి శిల్పము దేశదేశముల విద్వాంసులు ప్రస్తావించునట్టిది.

కాని గోడలు కట్టినంత మాత్రమున ఒక ఊరికి తన పాతరాళ్ళమీద మక్కువ కలుగదు. దానికి మనుష్యులు కావలెను. అలంపురమునకు అట్టి భాగ్యము కలిగినది. ఆ ఊరి పండితులు శ్రీ గడియారము రామకృష్ణశర్మగారు జీవితమంతయు ఆ ఆలయములను, ఆ శాసనములను గూర్చి వ్రాయుచు, చెప్పుచు గడపిరి. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవములు ఆ చిన్న ఊరిలోనే జరిగినవి. నాడు ఉపరాష్ట్రపతిగా ఉన్న డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు విచ్చేసిరి. ప్రదర్శనశాలకు అప్పటికి ఏడాది ప్రాయము. శర్మగారు 2006లో కీర్తిశేషులైరి. వారి స్వీయచరిత్ర 'శతపత్రము'నకు మరుసటి యేడు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఇక రాని చుట్టముల సంగతి చెప్పవలెను. ఈ నల్లగొండ, పాలమూరు సీమలకు దక్షిణమున కృష్ణ పారును. ఆ నదిపై రెండు పెద్ద ఆనకట్టలు లేచినవి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆ నీటిలో మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు తవ్వకములు జరిగినవి. ఇవతలి గట్టున నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరమును కూడ మునుగకముందే తవ్వి చూచిరి. లోయలో దొరికిన శిల్పములకై కొండమీదనే ప్రదర్శనశాల కట్టిరి. నీరు నిండగా ఆ కొండ దీవి యయ్యెను.

తరువాత శ్రీశైలము ఆనకట్ట వచ్చినది. 1981 నాటికి మహబూబునగరు, కర్నూలు జిల్లాలలో నూరుకు పైగా గ్రామములు ఖాళీ కావలసి వచ్చినది. సుమారు లక్షమంది జనులు ఇండ్లు విడిచిరి. వారితోబాటు దేవుళ్ళును కదలిరి. కృష్ణా తుంగభద్రలు కలియుచోట కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయము అలంపురమునకు వచ్చినది. పాపనాశనపు ఆలయములు ఎత్తైన నేలకు చేరినవి. సోమశిల కోవెలలును, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయమును స్థానములు మార్చుకొన్నవి. ఈర్లదిన్నె శివాలయము మహబూబునగరు చేరువనున్న పిల్లలమర్రికి వచ్చి, ఆ మహావటవృక్షము ప్రక్కన జిల్లా ప్రదర్శనశాలకు పొరుగైనది.

ఒక రాతిగుడిని తరలించుట ఎంత పనియో ఊహించుడు. మొదట ప్రతి రాతికిని రంగుతో అంకె వేయుదురు. ఏ రాయి దేనిమీద కూర్చున్నదో పటము గీయుదురు. పైనుండి ఒక్కొక్క వరుసగా విప్పి, బండ్లకెత్తి, క్రొత్తచోట పునాది వేసి, ఆ అంకెల చొప్పుననే మరల పేర్చుదురు. ఒక్క అంకె తప్పినను పై వరుస కుదురుకొనదు. మన పురావస్తు శాఖవారును, శిల్పులును ఈ పనిని ఓర్పుతో నెరవేర్చిరి. వారికి మనమందరము ఋణపడి యున్నాము.

అయితే రాళ్ళకు అంకెలు వేసినట్లు మనుష్యులకు ఎవరును అంకెలు వేయలేదు. ఏ యింటి ప్రక్కన ఏ యిల్లు ఉండినదో, ఏ గుడికి ఏ వీధివారు నూనె పోసిరో, ఏ రాతి యొద్ద పంటకు ముందు కోడిని కోసిరో పటము గీసినవారు లేరు. గుడి యొకచోటికి, పూజారి మరియొకచోటికి, భక్తులు పదిచోట్లకు పోయిరి.

కొన్నేండ్ల క్రిందట ఈ ప్రాంతపు ప్రదర్శనశాల యొకదానిలో మేము చూచిన దృశ్యమును చెప్పెదము. అది ఏ ఊరిదో చెప్పనక్కరలేదు, ఎచటనైనను జరుగదగినదే. ఒక ముసలి రైతు మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చెను. అందరును నిలిచి చూచు పెద్ద విగ్రహములను అతడు చూడలేదు. ఆవరణములో గోడ వారగా వరుసగా నిలిపిన చిన్న నాగశిలల ముందు కూర్చుండి, ఒక్కొక్కదానిని వ్రేలితో తడవి చూచుచుండెను. పిదప కావలివానిని పిలిచి, "బిడ్డా, మా ఊర్ల బొడ్రాయి కాడ ఇట్లాంటి నాగమయ్య ఉండె. ఇది అదేనా?" అని అడిగెను. కావలివాడు మంచివాడు. వంగి రాతిప్రక్కనున్న పలకను చదివి చెప్పెను: నాగశిల, ఇన్నవ శతాబ్ది. ముసలివాడు తల యూపెను. "ఊరు పేరు రాయలేదా?" అని మరల అడిగెను. వ్రాయలేదు. అప్పుడు మనుమరాలు, "తాతా, మన ఊరు ఎటు దిక్కుంటది?" అని అడుగగా, అతడు నది వైపు చేయి చూపి ఊరకుండెను.

ఆ రాయి అతని ఊరిదగునో కాదో మాకు తెలియదు. తెలిసికొను మార్గము మాత్రము ఆ క్షణమున మా కన్నుల యెదుటనే కూర్చుండి యుండెను. ఆ ముసలివాని జ్ఞాపకమే ఆ మార్గము. 1981లో ఇరువదియేండ్ల యువకుడు నేడు అరువది దాటినవాడు. నాడు నలువదియేండ్లవారిలో ఇంకను మనతో నున్నవారు కొద్దిమంది. శిలకు ఆయుస్సు వేయేండ్లు. దానిని గుర్తుపట్టగల కంటికి అంత ఆయుస్సు లేదు. వార్షికోత్సవ సంవత్సరమున తొందరపడవలసిన పని ఏదైన నున్నచో ఇదియే.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. ఈజిప్టు దేశమున నైలునదిపై అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ ఆలయములను 1964 నుండి 1968 వరకు ముక్కలుగా కోసి ఎత్తునకు చేర్చిరి. లోకమంతయు దానిని మెచ్చుకొన్నది. ఆ నీటిలోనే ఇండ్లు పోగొట్టుకొన్న నూబియా ప్రజల కొరకు 1997లో అస్వాన్ పట్టణమున వేరుగా ప్రదర్శనశాల తెరచిరి. అందులో రాజుల విగ్రహములతోబాటు నూబియా పల్లెటింటి బ్రదుకును సైతము చూపిరి. ప్రపంచ ప్రదర్శనశాలల మండలి 2022 ఆగస్టులో ప్రేగ్ నగరమున సమావేశమై ప్రదర్శనశాల యనగా ఏమి యను దానికి క్రొత్త నిర్వచనమును ఆమోదించినది. ప్రజాసమూహములు పాల్గొనగా నడచునదే ప్రదర్శనశాల యను భావము అందులో చేరినది. వస్తువులను దాచుట సగము పని, వస్తువులవారిని పిలుచుట మిగిలిన సగము అని దాని తాత్పర్యముగా మేము గ్రహించితిమి.

మరి ఆ మిగిలిన సగము పనికి పెద్ద ధనరాశులు కావలెనా? అక్కరలేదని మా విశ్వాసము. మొదటిది పలక. "నాగశిల, ఇన్నవ శతాబ్ది" అను మాటలకు ప్రక్కన "ఫలాన గ్రామము నుండి వచ్చినది, ఆ గ్రామము ఇప్పుడు నీటిలో నున్నది" అని తెలిసినంతమటుకు పెద్ద అక్షరములతో, తెలుగులో వ్రాయవలెను. శతాబ్దము పండితులకు పనికివచ్చును. ఊరి పేరు అందరికిని పనికివచ్చును.

రెండవది పిలుపు. సంవత్సరములో ఒక దినము మునిగిన గ్రామములవారి దినముగా ఏర్పరుపవలెను. మే 18వ తేదీ అంతర్జాతీయ ప్రదర్శనశాలల దినమని 1977 నుండి జరుగుచున్నది. పాలమూరులో అది ఎండలు మండు కాలమే యైనను, జలాశయమున నీరు తగ్గి పాత ఊళ్ళ గోడలు ఒండ్రులో బయటపడు కాలము కూడ నదియే. ఊరు విడిచినవారు ఆ దినములలో వచ్చి చూచి పోవుట కలదు. అట్లే వచ్చి ఈ శిలల ముందు కూర్చుండి తమ ఊరి సంగతులు చెప్పినచో, ఎవరైన ఒకరు ఆ మాటలను ధ్వనిముద్రణము చేసినచో, అవియును ప్రదర్శనశాల ఆస్తియే యగును. మాటను భద్రపరచుటలోని విలువ రేడియో వినువారికి మేము వివరింప బనిలేదు.

మూడవది బడి. ప్రతి పల్లెలోను బొడ్రాయి యుండును, చెరువు కట్టమీద వీరగల్లు యుండును, పాడుపడిన గుడిముందు అక్షరములు చెక్కిన బండ యుండును. పిల్లలు వానిని బొమ్మగీసి పంపగా, ప్రదర్శనశాలవారు అది ఏమిటో, ఏ కాలమునాటిదో వ్రాసి పంపవలెను. రాయి ఊరిలోనే యుండును, దాని విలువ ఊరికి తెలియును. నల్లగొండ చేరువనున్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయమున ప్రదర్శనశాల కలదు. కందూరు చోడులు త్రవ్వించిన ఉదయసముద్రమను చెరువు ఆ ప్రక్కనే యున్నది. ఆ చెరువు నీటితో పెరిగిన పిల్లవానికి ఆ శిల్పములు ఎవరివో చెప్పువారుండవలదా?

పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో, ఫణిగిరి యను కొండమీద బౌద్ధవిహారము బయల్పడినది. అచటి శిల్పములు 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాల వరకు పోయినవి. అది మనకు గర్వకారణమే. ఐనను ఫణిగిరి పొలములలో పనిచేయువారు ఆ శిల్పములను ఎన్నిసార్లు చూచిరని అడిగికొనుట కూడ మన విధియే. న్యూయార్కు దూరమే, కాని తన ఊరి శిల్పమును తానెరుగని వానికి ఊరి కొండయు అంతే దూరము.

నాలుగవది నమ్మకము. దుక్కి దున్నుచుండగా విగ్రహమో, నాణెముల కడవయో తగిలినచో రైతు భయపడి దాచును, లేదా దళారికి ఇచ్చును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరికినచో కలెక్టరుగారికి తెలుపవలెను. ఆ చట్టమే కనుగొన్నవానికి హక్కును కూడ ఇచ్చినది. ప్రభుత్వము దానిని తీసికొన్నచో లోహపు వెలకు తోడు అందులో అయిదవ వంతు అదనముగా చెల్లించవలెను. శిక్ష సంగతి అందరికిని తెలియును, హక్కు సంగతి తెలిసినవారు అరుదు. ఈ మాటను సంతలోను, గ్రామసభలోను చెప్పగల ప్రదర్శనశాల రైతునకు బంధువగును.

చిన్న ప్రదర్శనశాలలలో సిబ్బంది కొద్ది, పని పెద్దది. దానిని మేము ఎరుగుదుము. అందుచేత మిగిలిన భారము ప్రజలదే. అలంపురమునకు జోగులాంబ దర్శనమునకై వేలమంది వత్తురు. దేవిని దర్శించి, నైవేద్యము ముట్టి, ప్రక్కనున్న ప్రదర్శనశాల వాకిలిని దాటి పోవుదురు. ఈసారి పోయినప్పుడు ఒక్క గడియ లోపలికి పొండు. మీ యింటిలో మునిగిన ఊళ్ళనుండి వచ్చిన తాతగారో అవ్వగారో ఉన్నచో వారిని కూడ తీసికొనిపొండు. పెద్ద విగ్రహముల ముందు వారిని తొందరపెట్టకుడు. చిన్నరాళ్ళ యొద్ద వారిని నిలువనిండు. వారు ఏ రాతినైనను చూచి ఒక ఊరిపేరు పలికినచో ఆ పేరును వెంటనే కాగితముమీద వ్రాసి, ప్రదర్శనశాలవారి చేతికి ఇచ్చి రండు.