లెక్కలో లేని ఊరికి ప్రశ్న ఉండదు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కొండరెడ్డి, కోయ, కొండకమ్మర, కొండదొర, వాల్మీకి, ఏ ఇంటి పిల్లలైనా ఈ సంచిక మీదే. పాటలు, ఆటలు, పండగల గురించి మిగిలిన పెద్దలు మాట్లాడతారు. మేము కరోనా గురించి మాట్లాడదామని వచ్చాం.

ఆ రోజులు అయిపోయాయి కదా, ఇప్పుడెందుకు అని మీకు అనిపించవచ్చు. రోగం తగ్గింది గాని దాని మీద వాదన తగ్గలేదు. ప్రభుత్వం బాగా చూసిందని ఒకరు, గాలికి వదిలేసిందని ఒకరు. సంతలో టీ కొట్టు దగ్గరా ఇదే, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే. ఏ పార్టీది ఒప్పో చెప్పడం మా పని కాదు. ఇంత చర్చలో మన ఊళ్ళు ఎక్కడ ఉన్నాయి అన్నదొక్కటే మా ప్రశ్న.

ముందు రాష్ట్రంలో జరిగిన వాదన గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ముఖ్యమంత్రి ఆ రోజు పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ గురించి అన్న మాటల మీద రాష్ట్రమంతా పెద్ద గొడవ అయ్యింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాయిదాలో జోక్యం చేసుకోబోమని కోర్టు మార్చి 18న చెప్పింది. పది నెలలు తిరిగేసరికి మాటలు తారుమారయ్యాయి. 2021 జనవరిలో ఎన్నికలు పెడతామని కమిషనర్ అంటే, కరోనా ఉంది, టీకాలు వేయాలి, ఇప్పుడు వద్దని ప్రభుత్వం అంది. చివరికి కోర్టు తీర్పుతో ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. రోగం ఒక్కటే, వాదనలు మాత్రం చేతులు మారాయి. అందుకే ఎవరు గట్టిగా అరిచారని చూడకండి, ఏ రోజు ఏం చేశారని చూడండి.

చేసిన పనులూ చెప్పుకోవాలి. యాభై ఇళ్ళకు ఒక వాలంటీరు చొప్పున ఇంటింటి సర్వే చేశారు. ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు కొండలెక్కి వచ్చారు. 2020 జూలై 1న 108, 104 వాహనాలు కొత్తవి వెయ్యికి పైగా రోడ్డెక్కాయి. కరోనా వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. దేశంలో ఎక్కువ పరీక్షలు చేసిన రాష్ట్రాలలో మనదొకటి. ఇవన్నీ జరిగినవే, కాదనకూడదు. జరగనివీ ఉన్నాయి, వాటినీ దాచకూడదు. నర్సీపట్నం ఆసుపత్రిలో మాస్కులు చాలడం లేదని మాట్లాడిన మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్‌ను 2020 ఏప్రిల్‌లో సస్పెండ్ చేశారు. తరువాత విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన పట్ల వ్యవహరించిన తీరు మీద హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది.

ఇక మన కొండల దగ్గరకు వద్దాం. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అది మనకు ఏ కాలం? చింతపండు రాలే కాలం, కొండచీపుర్లు కట్టలు కట్టి సంతకు తెచ్చే కాలం. సంతలు మూసేశారు. పల్లంలో వాళ్ళకు జీతం ఆగింది, షాపు మూతపడింది. మనకు ఏడాది సంపాదన ఇంట్లోనే ఉండిపోయింది. రేషన్ బియ్యం వచ్చాయి, కార్డుకు వెయ్యి రూపాయలు ఇచ్చారు. కేంద్రం మే 1న 49 రకాల అటవీ ఉత్పత్తుల మద్దతు ధర పెంచింది. కాని ధర పెంచడం ఒకటి, కొనేవాడు ఊరికి రావడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడా ఏ టీవీ చర్చలోనూ వినలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో చింతపండు అమ్ముకుని బతికేవాళ్ళు లేరు.

అసలు విషయం లెక్క. కేసుల్లో రాష్ట్రంలోనే తూర్పు గోదావరి జిల్లా మొదటి వరుసలో నిలిచింది. అప్పటికి రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు అన్నీ ఆ జిల్లాలోనివే. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. జిల్లా లెక్క అంటే కాకినాడ, రాజమండ్రి, కోనసీమ, మన్యం అన్నీ కలిపిన ఒక్క అంకె. కేసు అంటే పరీక్షలో తేలినది. పరీక్ష చేసేవాళ్ళు రాని గూడెంలో కేసులు సున్నా. జ్వరాలు మాత్రం సున్నా కాదు. మలేరియానా, టైఫాయిడా, కరోనానా తెలియకుండానే కొందరు పెద్దవాళ్ళు ఇంటి అరుగు మీద కన్నుమూశారు. జిల్లా అంకెలో వాళ్ళు లేరు. అందుకే జిల్లా అంకె చూసి మన్యం క్షేమంగా ఉందనీ చెప్పలేం, పాడైపోయిందనీ చెప్పలేం.

2021లో రెండో ఉధృతి వచ్చింది. పోలవరం కోసం 2014లో ఇటు కలిపిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల వాళ్ళకు జబ్బు చేస్తే దగ్గరున్న పెద్ద ఊరు భద్రాచలం. అది తెలంగాణలో ఉంది. ఆ మేలో తెలంగాణ పోలీసులు సరిహద్దుల దగ్గర ఆంధ్ర అంబులెన్సులను ఆపారు. హైకోర్టు ఆ ఉత్తర్వుల మీద మే 14న స్టే ఇచ్చింది. పేపర్లలో పడినవి పుల్లూరు, గరికపాడు చెక్‌పోస్టులు. గీత మారినప్పుడల్లా మనకు ఆసుపత్రి దూరం మారుతుందన్న సంగతి మనం చెబితే తప్ప ఎవరికీ తట్టదు.

టీకా సంగతీ అంతే. 2021 మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళకు టీకా అన్నారు. కాని కోవిన్ పోర్టల్‌లో ముందుగా పేరు నమోదు కావాలి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే కుర్రవాడికి స్లాట్ ఎలా దొరుకుతుంది? ఈ ప్రశ్న దేశమంతా అడిగారు. కేంద్రం మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు ఒప్పుకుంది. ఇంటర్నెట్ లేనివాళ్ళ సంగతేమిటని సుప్రీంకోర్టు కూడా గట్టిగా అడిగింది. జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ ఉచిత టీకా వచ్చింది. చూశారా తమ్ముళ్ళూ, తిట్టినందుకు మారలేదు. ఫలానా నిబంధన వల్ల ఫలానా వాళ్ళకు అందడం లేదని కాగితం మీద చూపిస్తే మారింది.

అదే సమయంలో సూది వేయించుకుంటే చచ్చిపోతారని, పిల్లలు పుట్టరని పుకార్లు మన గూడేలకు కూడా వచ్చాయి. ప్రశ్న వేరు, పుకారు వేరు. ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాడు ఉంటాడు, తేదీ ఉంటుంది. పుకారుకు తల్లీ తండ్రీ ఉండరు. ప్రభుత్వం మీద కోపంతో పుకారును మోస్తే నష్టపోయేది మన అమ్మమ్మలే.

ఇంకొక లెక్క చెబుతాం. కరోనాతో చనిపోయినవారి కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వాలన్న మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 4న ఆమోదించింది. డబ్బు అందడం లేదని 2022 జనవరిలో మన రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని కోర్టు పిలిపించింది. అధికారికంగా లెక్కలో ఉన్న మరణాలు పద్నాలుగు వేలకు పైగా. దరఖాస్తులు అంతకు రెట్టింపు దాటాయి. విపత్తు నిధి నుంచి మళ్ళించిన 1,100 కోట్లు వెనక్కి జమ చేయమని ఆ జూలైలో కోర్టే చెప్పింది. ఇంత జరిగినా పరీక్ష కాగితం లేని ఇంటికి, మరణం నమోదు కాని ఇంటికి ఆ గుమ్మం దాకా వెళ్ళే దారి దాదాపు లేదు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఇక్కడ కాగితం ఉన్నవాడిదే నోరు.

ప్రభుత్వాన్ని అడగడం తప్పేమో అని భయపడకండి. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు తిలక్ తన పత్రికల్లో సర్కారు తీరును విమర్శించారు. ఆ ఏడాదే రాజద్రోహం నేరం కింద ఆయనకు పద్దెనిమిది నెలల శిక్ష పడింది. అదే ఏడాది తెచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ వాడారు. కాలం మాత్రం మారింది. ఆక్సిజన్ లేదని, మంచం లేదని సోషల్ మీడియాలో మొర పెట్టుకున్నవాళ్ళ మీద కేసులు పెడితే కోర్టు ధిక్కారంగా చూస్తామని 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి మీరు చేయగలిగిన పనులు నాలుగు చెబుతాం. ఊళ్ళో ఎవరు చనిపోయినా 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించండి. దాటితే తిరుగుడు పెరుగుతుంది. జ్వరాలు ఎక్కువైనప్పుడు ఒక నోటుపుస్తకంలో తేదీ, ఇల్లు, వయసు, ఎక్కడికి తీసుకెళ్ళారు, డోలీ మీదా అంబులెన్సులోనా అని రాసి పెట్టండి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదవండి. 1996 నాటి పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది, దాన్ని సంతకాల కోసమే పిలిచే సభ కానివ్వకండి. నాలుగోది, మన ఊరి పీహెచ్‌సీలో ఏ నెల ఎన్ని పరీక్షలు చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. చదువుకున్నవాళ్ళు రాయండి, చదువు రాని పెద్దలు చెబుతారు.

మన పెద్దలు విత్తనం లెక్క, పండగ లెక్క, చుట్టరికం లెక్క నోటితోనే తరతరాలు దాచారు. అది మన సంస్కృతి. ఆ జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టే బాధ్యత ఈ తరానిది. రేపు ఇంకొక రోగం వస్తే, మళ్ళీ వాదనలు మొదలైతే, మన్యంలో ఏం జరిగిందో చెప్పడానికి బయటివాళ్ళ అంకె కోసం చూడనక్కరలేదు. మీ ఊరి పుస్తకం మీ చేతిలో ఉంటుంది. ఈ సంచిక చదివిన ప్రతి ఊరి నుంచి ఒక్కరైనా ఈ నెలలోనే ఆ పుస్తకం మొదలుపెట్టాలని మా కోరిక. రాయడంలో సాయం కావాలంటే సంఘం వాళ్ళం వస్తాం.

జై ఆదివాసీ.