సీతాఫలం గుజ్జు ఎందుకు చేదెక్కుతుంది?



మొగుడంపల్లిలో పట్టభద్రుల ముందు నిలబడి అడవి పరిశ్రమల గురించి మాట్లాడితే నవ్వుతారేమో. ఇక్కడ చెరుకు, అల్లం, కంది, జొన్న. హైవే మీద లారీలు. అయినా మాట్లాడతాను. పరిశ్రమ, పరిశోధన చేతులు కలిపితే ఏమవుతుందో మన తెలుగునేల ఇప్పటికే రెండు తీర్లుగా చూసింది.

సారపాక కాగితం మిల్లు వాళ్లు 1989లో జామాయిల్ క్లోన్ల పని మొదలుపెట్టారు. బాగా పెరిగిన చెట్టును కొట్టి, మోడు చిగుర్లను ముక్కలు చేసి, మంచులా నీళ్లు చిమ్మే గదిలో వేళ్లు పట్టించారు. విత్తనం మొక్కల తోట హెక్టారుకు ఏటా 6 నుంచి 10 ఘనమీటర్ల కలప ఇచ్చే చోట మంచి క్లోన్లు 20 దాటించాయి. గొప్ప పనే, సందేహం లేదు. కానీ అక్కడ ప్రశ్న మిల్లుది. కొనే మిల్లు మూతపడితే రైతు గతేమిటన్నది ప్రయోగశాల తేల్చే సంగతి కాదు. సిర్పూర్ కాగితం మిల్లు 2014లో ఆగి 2018లో గాని తెరుచుకోలేదు. చెట్టు అన్నాళ్లూ నిలబడగలదు, అప్పు నిలబడదు.

తపసి చెట్టు బంక కథ వేరు. దాన్ని కట్టుడు పళ్లను చిగుళ్లకు అంటించే పొడిలోనూ, మందుల్లోనూ వాడతారు. నీళ్లలో వేస్తే కరగదు, ఉబ్బుతుంది. వాసన చూస్తే కాస్త పులుపు. గిరిజనులు దాన్ని గొడ్డలిగాటు పెట్టి తీసేవారు. లోతుగా నరికితే బంక బాగా కారుతుంది, చెట్టు చస్తుంది. తొక్కా మట్టీ అంటిన బంకకు ధరా రాదు. విశాఖ కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు సేకర్తలతో కూర్చుని పద్ధతి మార్చాయి: పదునైన చిన్న కత్తితో పైపైన గీయడం, గాయం మాననివ్వడం, బంకను శుభ్రంగా ఆరబెట్టి రకాలుగా వేరుచేయడం. ఇక్కడ ప్రశ్న కత్తి పట్టిన చేతి దగ్గర పుట్టింది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

మిల్లు ఎవరి చేతిలో ఉందన్నదీ ముఖ్యమే. ఫిన్లాండ్‌లో 2017లో ఆనెకోస్కి మిల్లు తెరిచారు. కాగితపు గుజ్జుతో పాటు టర్పెంటైన్, కరెంటు కూడా తీస్తారు. ఆ మిల్లు వెనక ఉన్నది అడవి సొంతదారుల సహకార సంఘం. మన దగ్గర చెట్టు పెంచేవాడు మిల్లు గేటు దగ్గర తూకం చీటీ కోసం నిలబడతాడు.

ఇక మన బీడు గుట్టల మీద కాసే సీతాఫలం సంగతి. పండు మాగితే రెండు రోజులు ఆగదు, అందుకే గంపల్లో తెచ్చినవాళ్లు సాయంత్రానికి ఎంతకైనా ఇచ్చేస్తారు. గుజ్జు తీసి నిలవ చేద్దామంటే గాలి తగిలి నల్లబడుతుంది, వేడి చేస్తే చేదెక్కుతుంది. గింజేమో పురుగుల్ని చంపుతుంది. తలలో పేలకు నాయనమ్మ అవి నూరి పట్టించి, కళ్లలో పడకుండా నుదుటికి బట్ట కట్టడం మీలో కొందరికి గుర్తుండాలి. గుజ్జు ఐస్‌క్రీమ్‌కు, గింజ పురుగుమందుకు. చేదు రాకుండా నిలవ చేసే చవకైన పద్ధతి ఊళ్లోనే నడిచేలా కావాలి. కెమిస్ట్రీ చదివినవాళ్లకూ, కామర్స్ చదివినవాళ్లకూ సమానంగా పని ఉంది. ములుగు అటవీ కళాశాల తలుపు తట్టండి. పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్లనూ పిలవండి. 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్న వాళ్లు, బీడులో ఏది ఎక్కడ కాస్తుందో మనకంటే వాళ్లకే తెలుసు.

కంపెనీ వస్తే రానివ్వండి. కాకపోతే లాభంలో ఊరి వాటా సంగతి ముందే కాగితం మీద పెట్టించండి. ఊరి తరఫున మాట్లాడేందుకు 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థకో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందో లేదో, ఉంటే ఆఖరుసారి ఎప్పుడు కూర్చుందో సర్పంచ్‌ను అడగండి. దసరా నాటికి సీతాఫలం కాపు మీద ఉంటుంది. మాటలు ఆ లోపే తెగాలి.